పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేలా: తెలంగాణలో కుటుంబంతో ఒక్కరోజు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

పిల్లల్ని, అమ్మానాన్నల్ని తీసుకుని ఒక్కరోజులో ఎక్కడికి వెళ్లి రావచ్చు అని చాలామంది అడుగుతుంటారు. తెలంగాణలో చూడదగ్గ చోట్లకు కొదవ లేదు. రోజు బాగా గడుస్తుందా, అందరూ విసిగిపోతారా అన్నది ఎన్నింటికి బయలుదేరారు, ఏది ముందు చూశారు, ఎన్నింటికి వెనుదిరిగారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఇక్కడ చోట్ల గొప్పతనం గురించి తక్కువ, పద్ధతి గురించి ఎక్కువ రాస్తున్నాను.

లెక్కలన్నీ హైదరాబాద్ నుంచి వేసినవి. వేరే ఊళ్లవాళ్ల కోసం 8వ భాగం చూడండి.

## 1. ఇల్లు చేరే టైం నుంచి వెనక్కి లెక్క కట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. మిగతావన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి చేయండి.

చాలామంది "పొద్దున్నే ఆరింటికి బయలుదేరదాం" అని మొదలుపెడతారు. అలా కాకుండా, రాత్రి ఎన్నింటికి ఇంట్లో ఉండాలో ముందు కాగితం మీద రాయండి. మర్నాడు స్కూలు, ఆఫీసు ఉంటే ఎనిమిది దాటకూడదు. అక్కడి నుంచి ఒక్కో పని టైం తీసేస్తూ వెనక్కి రండి.

వరంగల్ ప్రయాణాన్నే తీసుకుందాం. హైదరాబాద్ నుంచి దాదాపు 150 కి.మీ.

- రాత్రి 8:00: ఇంట్లో
- తిరుగు ప్రయాణం 3 గంటలు, మధ్యలో టీ, టాయిలెట్ కోసం అరగంట: అంటే సాయంత్రం 4:30కి అక్కడ బండి కదలాలి
- చూడటానికి 6 గంటలు, భోజనం, విశ్రాంతి కలిపి గంటన్నర: అంటే 9:00కి అక్కడ ఉండాలి
- వెళ్లేటప్పుడు 3 గంటలు, టిఫిన్‌కు ఆగితే మరో అరగంట: అంటే 5:30కి ఇంటి తాళం వేయాలి

5:30 మీ ఇంట్లో జరిగే పని కాదనుకుంటే చూసే చోట్లలో ఒకటి తీసేయండి. తిరుగు ప్రయాణంలో మాత్రం కోత పెట్టకండి. సాయంత్రం వెనుదిరిగే టైంకి పిల్లలు అలిసి ఉంటారు, నడిపేవాళ్లూ అలిసి ఉంటారు. ఊళ్లోకి వచ్చే ట్రాఫిక్ కూడా అప్పుడే పెరుగుతుంది. ఆదివారం సాయంత్రం ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా బండ్లు ఎలా నత్తనడక నడుస్తాయో ఆ దారిన వచ్చినవాళ్లకు తెలుసు.

దూరానికి నేను పెట్టుకునే హద్దులు ఇవి:

- ఐదేళ్ల లోపు పిల్లలుంటే: ఒకవైపు 2 గంటలు
- ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు, లేదా డెబ్భై దాటిన పెద్దలు ఉంటే: ఒకవైపు రెండున్నర గంటలు, మరీ ఓపికుంటే 3 గంటలు
- అందరూ పెద్దవాళ్లయితే: మూడున్నర గంటలు

టైం లెక్కకు జాతీయ రహదారి మీద గంటకు 60 కి.మీ., మామూలు రోడ్ల మీద 40 కి.మీ. చొప్పున వేసుకోండి. ఫోన్‌లో మ్యాప్ చూపించే టైంలో మీరు ఆగే టైం ఉండదు.

ఈ హద్దుల ప్రకారం హైదరాబాద్ నుంచి రామప్ప (సుమారు 210 కి.మీ.), లక్నవరం, బొగత, కుంటాల జలపాతాలు ఒక్కరోజు ప్రయాణాలు కావు. వాటిని ఒక్కరోజులో ముగించొచ్చని చెప్పేవాళ్లు ఉంటారు. ముగించవచ్చు కూడా. కానీ రోజంతా బండిలోనే గడుస్తుంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన రామప్ప గుడిని అరగంటలో చూసి పరుగెత్తడం అన్యాయం. హనుమకొండలో ఒక రాత్రి ఉండేలా వెళ్లండి.

## 2. తక్కువ నడవగలిగేవాళ్లను బట్టి చోటు ఎంచుకోండి

ఇంట్లో అందరికంటే తక్కువ నడవగలిగేది ఎవరు? మోకాళ్ల నొప్పులున్న నానమ్మా, ఎత్తుకోమని ఏడ్చే మూడేళ్ల పాపా? వాళ్లకు నప్పే చోటు మిగతావాళ్లకూ నప్పుతుంది.

మెట్లు, ఎక్కుడు ఎక్కువ: భువనగిరి కోట, గోల్కొండ పైభాగం, మెదక్ కోట.

నడక ఎక్కువ, మెట్లు తక్కువ: నెహ్రూ జూ పార్కు (380 ఎకరాలు), రామోజీ ఫిల్మ్ సిటీ, యాదగిరిగుట్ట దగ్గరి సురేంద్రపురి, నాగార్జునసాగర్ దగ్గరి బుద్ధవనం.

పెద్దలకు సులువు: మెదక్ చర్చి, వేయి స్తంభాల గుడి, కొలనుపాక జైన మందిరం, పోచంపల్లి, పిల్లలమర్రి.

మెట్లున్న చోటికి పెద్దల్ని తీసుకెళ్లాల్సి వస్తే, వాళ్లు కింద ఎక్కడ కూర్చుంటారు, వాళ్లకు తోడు ఎవరు ఉంటారు అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. అక్కడికి వెళ్లాక "మీరు ఇక్కడే కూర్చోండి నాన్నా" అంటే ఆయన నొచ్చుకోవడం సహజం.

## 3. వారం సెలవు, సీజన్, జాతర: మూడూ సరిచూడండి

వారం సెలవులు: నెహ్రూ జూకు సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, నాగార్జునకొండ మ్యూజియంలకు శుక్రవారం. పండుగ రోజుల్లో ఇవి మారుతుంటాయి, కాబట్టి ముందురోజు ఒకసారి ఫోన్ చేయండి.

గుళ్ల టైం: చాలా గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. కాబట్టి గుడి ఎప్పుడూ పొద్దున. కోటలు, చెరువులు, మ్యూజియంలు తర్వాత.

సీజన్:

- నవంబర్ నుంచి ఫిబ్రవరి: ఎక్కడికైనా వెళ్లొచ్చు. డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది. ఆ నెలల్లో అరగంట ఆలస్యంగా బయలుదేరడమే మేలు.
- మార్చి నుంచి మే: కోటలు వద్దు. ఏసీ ఉన్న మ్యూజియంలు, లేదా పొద్దున్నే వెళ్లి పదకొండుకల్లా ముగిసే దగ్గరి చోట్లు చాలు.
- జూన్ నుంచి సెప్టెంబర్: అనంతగిరి పచ్చగా ఉంటుంది. భువనగిరి లాంటి బండరాతి కోటల మీద మాత్రం కాలు జారుతుంది, వద్దు.

జాతరలు, రద్దీ: మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ రోజుల్లో వరంగల్ దారి బండ్లతో నిండిపోతుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో కొమురవెల్లి, శివరాత్రికి ఏడుపాయల, కార్తీకమాసంలో దాదాపు అన్ని గుళ్లు, క్రిస్మస్‌కు మెదక్ చర్చి కిటకిటలాడతాయి. జాతర చూడాలనే వెళ్తే అది వేరే సంగతి. చిన్నపిల్లలతో ప్రశాంతంగా తిరగాలనుకుంటే ఆ వారాలు తప్పించండి.

## 4. ప్రయాణం దేంట్లో?

### సొంత కారు

ముందురోజే చేయాల్సినవి:

- నాలుగు టైర్లతోపాటు స్టెప్నీలో కూడా గాలి చూడండి. జాకీ, పానా ఉన్నాయా?
- పెట్రోల్ రాత్రే కొట్టించండి. పొద్దున బంకు దగ్గర పోయే పావుగంట రాత్రి మిగులుతుంది.
- ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్, బండి కాగితాలు, ఇన్సూరెన్స్.
- చిన్నపిల్లలు ఎప్పుడూ వెనక సీట్లోనే. చైల్డ్ సీటు ఉంటే తప్పకుండా బిగించండి.
- నడిపేవాళ్లు కనీసం ఆరేడు గంటలు నిద్రపోవాలి. సర్దుడు పనులు ఆ రాత్రికి వాళ్ల మీద పెట్టకండి.

పెట్రోల్ ఖర్చు ఇలా వేసుకోండి: రానూపోనూ దూరానికి ఊళ్లో తిరిగే 30 కి.మీ. కలిపి, మీ బండి మైలేజీతో భాగించండి. వరంగల్‌కు 300 ప్లస్ 30, లీటరుకు 15 కి.మీ. ఇచ్చే బండికి 22 లీటర్లు. దానికి టోల్, పార్కింగ్, టికెట్లు కలపాలి. పురావస్తు శాఖ చూసే కోటలు, కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. కౌంటర్ దగ్గర ఈ మాట గుర్తుపెట్టుకోండి.

### అద్దె కారు

ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, దాటితే ఎంత, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా ఎవరివి? ఇవన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. డ్రైవర్ భోజనం సంగతి మీరే చూసుకోండి. మీ కుటుంబమంతా ఆయన చేతిలో ఉంటుంది, ఆకలితో నడపనివ్వకండి.

### బస్సు, రైలు

2023 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలోని పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు, బాలికలకు టికెట్ ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర ఉండాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలకు ఇది వర్తించదు.

వరంగల్ వైపు బస్సులు ఉప్పల్‌లో ఎక్కొచ్చు, మెదక్ వైపు సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్)లో. వరంగల్‌కు, వికారాబాద్‌కు పిల్లలతో రైలే హాయి. లేచి నడవొచ్చు, టాయిలెట్ ఉంటుంది, కడుపులో తిప్పడం తక్కువ. హనుమకొండ చూడాలనుకుంటే కాజీపేటలో దిగడం దగ్గర.

బస్సులో వెళ్తే ఒకే ఊరు పెట్టుకోండి. రెండు ఊళ్లు పెట్టుకుంటే సగం రోజు బస్టాండ్లలోనే పోతుంది.

## 5. ముందురోజు రాత్రి: తిండి, సంచి

### తిండి

పొద్దున పూరీలు, నూనె వస్తువులు వద్దు. మలుపుల దారిలో పిల్లలకు వాంతులు అయ్యేది వాటితోనే. రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి. బండిలో కడుపు తిప్పే అలవాటున్న పిల్లలకు డాక్టర్ చెప్పిన మాత్ర బయలుదేరడానికి అరగంట ముందు వేయాలి. దారిలో వేస్తే పనిచేయదు.

మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లడం అందరూ చేసేదే. కానీ రెండూ పాడయ్యేది కట్టే పద్ధతిలోనే.

పులిహోర కలిపాక వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా డబ్బాలో పెట్టి మూతేస్తే ఆవిరి మూతకు పట్టి నీళ్లై అన్నంలో పడుతుంది, పదకొండింటికే జిగట వాసన వస్తుంది.

పెరుగన్నానికి పెరుగు తక్కువ, పాలు ఎక్కువ. అన్నం వేడిగా ఉన్నప్పుడే మెత్తగా మెదిపి, చల్లారాక కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. ఐదింటికి కలిపితే పన్నెండింటికి సరిగ్గా తోడుకుని ఉంటుంది. అన్నీ పెరుగే వేస్తే ఆ టైంకి పులిసిపోయి పిల్లలు ముట్టరు. దానిమ్మ గింజలు తినేముందు చల్లుకోండి.

నీళ్లు మనిషికి రెండు లీటర్లు. ఎండాకాలం మూడు.

### సంచి చెక్‌లిస్ట్

- రోజూ వేసుకునే మందులు, జ్వరం మాత్ర, ఓఆర్ఎస్, దూది, బ్యాండేజ్
- ప్రతి పిల్లకీ ఒక జత బట్టలు, ఒక పాత తువ్వాలు
- వాంతి కవర్లు, తడి తుడుపు కాగితాలు, సబ్బు
- మందపాటి సాక్సులు (ఎందుకో 6లో చెప్తాను)
- టోపీలు, గొడుగు
- దుప్పటి లేదా చాప, చెట్టుకింద కూర్చోవడానికి
- చెత్త వేసుకోవడానికి ఒక పెద్ద సంచి
- చిల్లర నోట్లు: పార్కింగ్ దగ్గర, చెప్పుల స్టాండ్ దగ్గర ఫోన్ సిగ్నల్ పనిచేయకపోవచ్చు

తలుపు దాటేముందు పిల్లల్ని ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయండి. జనంలో తప్పిపోతే "ఏ రంగు చొక్కా?" అని ఎవరడిగినా చూపించడానికి అదే ఉపయోగం. చిన్నవాళ్ల జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి.

## 6. అక్కడికి చేరాక పాటించాల్సిన క్రమం

6.1 ముందు టాయిలెట్, తర్వాతే టికెట్. దారిలోనూ అంతే. శుభ్రమైన పెట్రోల్ బంక్ కనిపించినప్పుడే ఆగండి. పిల్లలు అడిగేదాకా ఆగితే అప్పుడు బంకు దొరకదు.

6.2 కలుసుకునే చోటు చెప్పండి. "ఎవరు విడిపోయినా ఈ గేటు దగ్గరికి రావాలి" అని పిల్లల చేత ఒకసారి పైకి చెప్పించండి.

6.3 చెప్పులు విప్పే చోట్లు పదకొండు లోపు. గుడి ఆవరణలో రాతిబండలు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. పెద్దవాళ్లు ఓర్చుకుంటారు, పిల్లల లేత పాదాలకు బొబ్బలు లేస్తాయి. ఆలస్యమైతే సాక్సులు తొడగండి. రానివ్వరేమోనని అనుమానం ఉంటే అక్కడివాళ్లను అడగండి.

6.4 పెద్ద చోటు ముందు, చిన్నది తర్వాత. ఓపిక, ఉత్సాహం పొద్దున ఉంటాయి. చిన్నదాంతో మొదలుపెట్టి పెద్దదాన్ని సాయంత్రం పెడితే అది గేటు దాకా వెళ్లి రావడంగానే మిగులుతుంది.

6.5 పన్నెండున్నరకు భోజనం. ఆకలేస్తుందా అని అడగకండి, కూర్చోబెట్టండి. తర్వాత అరగంట నీడలో నడుం వాల్చండి. నడిపేవాళ్లు ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే కునుకు చాలా ప్రమాదం.

6.6 కోతులు. యాదగిరిగుట్ట, అనంతగిరి లాంటి గుట్టల దగ్గర చేతిలో ప్లాస్టిక్ కవర్ పట్టుకోకండి. కవర్ అంటే తిండి అని వాటికి తెలుసు. పిల్లల చేతికి అరటిపండు ఇచ్చి నడిపించకండి.

6.7 నీళ్లు. ఇది గట్టిగా చెప్తున్నాను. ప్రాజెక్టులు, వాగులు, చెరువుల్లో దిగకండి, పిల్లల్ని దించకండి. పైన గేట్లు ఎత్తితే నీటిమట్టం నిమిషాల్లో పెరుగుతుంది. అడుగున ఇసుక తోడిన గుంతలు పైకి కనిపించవు. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ ఉండాలి, పిల్లల సైజుది ఉండాలి. లేకపోతే బోటు ఎక్కకండి, ఎంత ఏడ్చినా సరే.

6.8 ఫోన్ నంబర్లు. ఎమర్జెన్సీకి 112, అంబులెన్స్‌కు 108, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033.

## 7. సిద్ధంగా ఉన్న ప్లాన్లు

### 7.1 వరంగల్, హనుమకొండ (నవంబర్ నుంచి ఫిబ్రవరి)

పొద్దున ముందు భద్రకాళి గుడి. మధ్యాహ్నం మూసేలోపు దర్శనం అయిపోవాలి. పక్కనే చెరువు గట్టు మీద పిల్లలు కాసేపు పరుగెత్తనివ్వండి, ఒక చేయి పట్టుకుని.

పది లోపు వేయి స్తంభాల గుడి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుడులున్న త్రికూటాలయం. పిల్లలకు తేదీలు చెప్తే వినరు. ఒక పని ఇవ్వండి: "ఒకే రకం చెక్కడం ఉన్న రెండు స్తంభాలు వెతుకు" అనండి. అరగంట కదలరు. నల్లరాతి నంది దగ్గరికి వెళ్లి మెడలో గంటల దండ చూపించండి. రాతిలో ఒక్కో గంటా విడిగా కనిపిస్తుంది. నున్నటి ఆ రాతిలో మొహం కూడా కనిపిస్తుందని పిల్లలే కనిపెడతారు.

భోజనం, విశ్రాంతి అయ్యాక రెండు, రెండున్నరకు వరంగల్ కోట. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో కూలిన గుడి శిల్పాలు నేల మీద పరిచి ఉంటాయి. రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం ఇదే. ఏదైనా ప్రభుత్వ కాగితం ఫోటో ఫోన్‌లో ఉంటే పక్కన పెట్టి పోల్చమనండి. అక్కడి నుంచి ఖుష్ మహల్. నీడ తక్కువ, టోపీలు మరవకండి. నాలుగున్నరకు బండి ఎక్కాలి.

దీనికి రామప్పను కలపకండి. ఎంత ఆశ పుట్టినా సరే.

### 7.2 భువనగిరి, పోచంపల్లి, కొలనుపాక: రెండు మాత్రమే ఎంచుకోండి

హైదరాబాద్‌కు అతి దగ్గరి ప్లాన్ ఇది. చిన్నపిల్లలున్న ఇంటికి మొదటి ప్రయాణంగా దీన్నే చెప్తాను.

పదేళ్లు దాటిన పిల్లలుంటే భువనగిరి కోట, పోచంపల్లి. సుమారు 50 కి.మీ. వెళ్లి పొద్దున గేటు తెరవగానే మెట్లు మొదలుపెట్టండి. ఒకే బండ, 500 అడుగులకు పైగా ఎత్తు. ఎక్కడానికి గంట, దిగడానికి ముప్పావుగంట వేసుకోండి. చెప్పులు కాదు, బూట్లు. ఎండ ముదిరేలోపు కిందికి వచ్చేయాలి.

పెద్దవాళ్లుంటే కొలనుపాక, పోచంపల్లి. కొలనుపాక జైన మందిరం ఆలేరు దగ్గర, హైదరాబాద్ నుంచి దాదాపు 80 కి.మీ. పచ్చరాతి మహావీరుడి విగ్రహం ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

పోచంపల్లికి అందరూ చీరల కోసం వెళ్తారు. పిల్లల్ని మాత్రం ముందు మగ్గం దగ్గరికి తీసుకెళ్లండి. నేసేవాళ్ల ఇంటికి వెళ్లి "చూడొచ్చా అమ్మా" అని అడిగితే సాధారణంగా రమ్మంటారు. మామూలు బట్టకు నేశాక రంగు వేస్తారు, లేదా ఒకే రంగు నూలుతో నేస్తారు. ఇక్కడ నూలును ముందే కొలిచి, రబ్బరు ముక్కలతో అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ నూలు మగ్గం ఎక్కితే దానంతటదే డిజైన్ వచ్చినట్టు కనిపిస్తుంది. రంగుల అంచు కాస్త మసకగా ఉంటుంది చూడండి, చేతిపని గుర్తు అదే.

ఆసు పోయడం కూడా చూపించమనండి. దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు అటూఇటూ తిప్పే పని అది, ఇళ్లలో ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక దీనికి యంత్రం కనిపెట్టి, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు ఈ కథ మగ్గం పక్కన నిలబడి చెప్తే జీవితాంతం గుర్తుంటుంది.

కొనడం చివర్లో. బేరం ఆడేముందు ఆ చీరకు ఎన్ని రోజులు పట్టిందో అడగండి.

### 7.3 మెదక్

దాదాపు 100 కి.మీ. నర్సాపూర్ అడవి దారిలో వెళ్తే ప్రయాణమే బాగుంటుంది. 1914లో మొదలై 1924లో పూర్తయిన చర్చి. కరువు రోజుల్లో ఈ పనితోనే చుట్టుపక్కల జనానికి కూడు దొరికింది.

ఇక్కడ క్రమం ముఖ్యం. ఆదివారం పొద్దున ప్రార్థన ఉంటుంది, చూడటానికి వచ్చినవాళ్లు ఆగాల్సి రావచ్చు. కాబట్టి శనివారం వెళ్లండి. ఆదివారమే కుదిరితే ముందు పోచారం చెరువు, అడవి చూసుకుని, భోజనం తర్వాత చర్చికి రండి. మూడు రంగుటద్దాల కిటికీల అందం బయటి వెలుతురు మీద ఆధారపడి ఉంటుంది. లోపల కూర్చుని చూడాలి, చీకటి పడితే ఏమీ కనిపించదు. లోపల పిల్లల్ని పరుగెత్తనివ్వకండి, అది పూజ జరిగే చోటు.

ఏడుపాయల వనదుర్గ గుడి కూడా ఇదే దారిలో కలుస్తుంది. మంజీర పొంగితే గుడి దగ్గరికి నీళ్లొస్తాయి. వానాకాలంలో వెళ్లేముందు కనుక్కోండి.

### 7.4 నాగార్జునసాగర్

150 కి.మీ. పైనే, కాబట్టి ఐదింటికే కదలాలి. చేరగానే లాంచీ టికెట్ సంగతి చూడండి. నాగార్జునకొండ దీవి ఆంధ్రప్రదేశ్ పరిధిలోకి వస్తుంది. లాంచీలు నీటిమట్టాన్ని, వచ్చిన జనాన్ని బట్టి నడుస్తాయి. లాంచీకి, దీవికి కలిపి మూడు గంటలు పోతాయి. అది దొరక్కపోతే బాధపడకండి, తెలంగాణ వైపే 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. 274 ఎకరాలు, అమరావతి స్తూపం నమూనాలో మహాస్తూపం. ఎండ తగ్గాక మూడింటికి వెళ్లండి.

డ్యామ్ గేట్లు ఏడాది పొడుగునా తెరిచి ఉండవు. శ్రీశైలం నుంచి వరద వచ్చినప్పుడే, ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య. గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిన ఆదివారం ఊరంతా అక్కడే ఉంటుంది. వీలైతే మామూలు రోజున వెళ్లండి.

### 7.5 సగం రోజు చాలనుకుంటే

అనంతగిరి, వికారాబాద్: 80 కి.మీ. మూసీ పుట్టేది ఇక్కడే. చేవెళ్ల దారిలో పెద్ద మర్రిచెట్లున్న చోట రోడ్డు ఇరుకు, ఓవర్‌టేక్ చేయకండి.

పిల్లలమర్రి, మహబూబ్‌నగర్: 100 కి.మీ. మూడెకరాల దాకా పరుచుకున్న మర్రి. చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఊడలు పట్టుకుని ఊగకూడదని పిల్లలకు ముందే చెప్పండి.

ఊళ్లోనే ఉండాలనుకుంటే జూకు పొద్దున తెరవగానే వెళ్లండి. మధ్యాహ్నం జంతువులన్నీ నీడలో పడుకుంటాయి. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారానికి పన్నెండింటికి జనం మూగుతారు, పదకొండు గంటలకు వెళ్తే చిన్నపిల్లలు ముందు వరసలో నిలబడి చూడొచ్చు.

## 8. హైదరాబాద్ బయటివాళ్లకు

- వరంగల్ వాళ్లకు రామప్ప, లక్నవరం సరైన ఒక్కరోజు. ముందు రామప్ప, మధ్యాహ్నం తర్వాత లక్నవరం వేలాడే వంతెన.
- కరీంనగర్ వాళ్లకు ఎలగందల్ కోట, మానేరు డ్యామ్, వేములవాడ.
- నిజామాబాద్ వాళ్లకు డిచ్‌పల్లి రామాలయం, అలీసాగర్.
- ఖమ్మం వాళ్లకు నేలకొండపల్లి బౌద్ధ స్తూపం, లేదా పాల్వంచ దగ్గర కిన్నెరసాని.
- నిర్మల్, ఆదిలాబాద్ వాళ్లకు కుంటాల. మెట్లు చాలా ఉన్నాయి, పెద్దలతో అయితే పొచ్చెర జలపాతం సులువు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు

గంట ఆలస్యంగా బయలుదేరారు. అన్నీ గబగబా చూద్దామనుకోకండి. చివరి చోటు అప్పుడే కొట్టేయండి. వెనుదిరిగే టైం మారకూడదు.

నాలుగు కుటుంబాలు కలిసి బయలుదేరాయి, ఎవరూ టైంకి రాలేదు. ఊరి బయట టోల్ గేట్ దాటాక ఒక చోటు, ఒక టైం పెట్టుకోండి. ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకునే పద్ధతి మానండి. నిర్ణయాలు ఒక్కరికే అప్పగించండి.

పిల్లలు ఫోన్ వదలడం లేదు. లాక్కుంటే రోజంతా అలకే. ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి ఫోటోలు తీసే పని అప్పగించండి: పది తలుపులు, పది జంతు శిల్పాలు, ఇలా.

వాంతులు మొదలయ్యాయి. బండి ఆపి, నడిపించి, చల్లటి నీళ్లతో మొహం కడగండి. ముందువైపు కిటికీలోంచి దూరంగా చూడమనండి. బండిలో ఫోన్, పుస్తకం రెండూ బంద్. గంట దాకా కొద్దికొద్దిగా ఓఆర్ఎస్ తప్ప ఏమీ పెట్టకండి.

వెళ్లిన చోటు మూసేసి ఉంది. అందుకే ప్రతి ప్లాన్‌కూ అరగంట దూరంలో రెండో చోటు ముందే రాసుకోవాలి. యాదగిరిగుట్టలో క్యూ మూడు గంటలుంటే కొలనుపాక, సాగర్‌లో లాంచీ లేకపోతే బుద్ధవనం.

పెద్దవాళ్లు మధ్యలోనే అలిసిపోయారు. వాళ్లు నోరు తెరిచి చెప్పరు. మాటలు తగ్గినా, ఎక్కడ గట్టు కనిపించినా కూర్చుంటున్నా అది గుర్తు. వెంటనే భోజనం, విశ్రాంతి ముందుకు జరపండి.

తిరిగొచ్చేటప్పుడు చీకట్లో పెద్ద వాన పట్టుకుంది. రోడ్డు పక్కన చెట్టు కింద ఆగకండి, వెనక వచ్చే లారీకి మీరు కనిపించరు. దగ్గర్లోని ధాబా లేదా బంకు లోపలికి తీసుకెళ్లి ఆపండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు తెలియకుండా బండి దించకండి. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, పిల్లలకు మిగిలిన పులిహోర పెట్టి, వాన తగ్గాకే కదలండి.